మాటు, మంచె, ముళ్లకంప: దక్షిణ టెక్సస్‌లో అయిదు రోజులు

డిసెంబరు 18, బుధవారం: కొటుల్లా దారిలో

శాన్ ఆంటోనియో నుంచి లరేడో వైపు పోయే 35వ నంబరు రహదారి మీద ఒక గంట దక్షిణంగా ప్రయాణించేసరికి చెట్లు క్రమంగా పొట్టిబారిపోతాయి. పియర్సాల్‌లో వేరుశనగకాయ బొమ్మా, డిల్లీ అనే చిన్న ఊళ్లో పుచ్చకాయ బొమ్మా దాటాక ఇరుపక్కలా కనిపించేదంతా నిలువెత్తు ముళ్లకంపే. మొదటిసారి చూసినప్పుడు నాకు అది పరాయి దేశంగా తోచలేదు. ఇక్కడివారు మెస్కీట్ అని పిలిచే చెట్టు మన సర్కారు తుమ్మకు దగ్గరి దాయాది. 1877లో కడప జిల్లా కమలాపురం దగ్గర నాటిన ఆ జాతి తుమ్మే తరువాతి కాలంలో రాయలసీమ చెరువుగట్లనూ బీళ్లనూ ఆక్రమించింది. నాగజెముడు కూడా ఈ ఖండం నుంచి మనకు వచ్చిందే. నందికొట్కూరు ప్రాంతంలో పుట్టి, చిన్నప్పుడు ఇదే కంపలో గొర్రెలను వెతుక్కుంటూ తిరిగిన నాకు, ఆ మొక్కల పుట్టింటికి వచ్చినట్లు అనిపించింది.

నన్ను తీసుకువెళ్తున్నది పల్నాడు ప్రాంతానికి చెందిన ఒక మిత్రుడు. నాకంటే పదేళ్లు పెద్దవాడు కనుక అన్నా అని పిలుస్తాను. ఎనిమిదేళ్లుగా ఆయన ఏటా ఈ కంపలోకి విల్లుతో వచ్చి తెల్లతోక జింకలను వేటాడుతున్నాడు. నేను ఏడాదిగా విలువిద్య నేర్చుకుంటున్నాను తప్ప, ప్రాణమున్న దేనిమీదా బాణం వేసి ఎరగను. మా ఊరి పక్కనే రోళ్లపాడు అభయారణ్యం ఉంది. కృష్ణజింకలు మందలుగా వచ్చి జొన్న చేలల్లో పడుతుంటే, మా తాత మంచె మీద నుంచి వడిసెల తిప్పి అదిలించేవాడు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత వేట నేరమయ్యింది. అది అలాగే ఉండాలని ఇప్పటికీ నమ్ముతాను. ఇక్కడి లెక్క వేరు. తోడేళ్లు ఎప్పుడో పోయాయి, జింకలు విస్తారంగా ఉన్నాయి, ఏటా కొన్ని లేళ్లను, అంటే ఆడజింకలను, తీయకపోతే కరవు సంవత్సరంలో మేత చాలదని భూమి యజమానులే వేటకు పిలుస్తారు.

దారి తప్పడం మొదటి రోజే జరిగిపోయింది. ఫోన్ చూపించిన గుర్తును నమ్మి, కొటుల్లా అనే ఊరు దాటి, న్యూఎసెస్ నది వంతెన మీదుగా దక్షిణానికి వెళ్లి, ఒక మట్టిరోడ్డులోకి తిరిగాం. నాలుగు మైళ్లు పోయాక ఎదురైనది మేము వెళ్లాల్సిన జింకల రాంచ్ (పెద్ద మేతభూమి) గేటు కాదు, చమురు బావుల గేటు. 2008లో ఈగిల్‌ఫర్డ్ చమురు పొర బయటపడ్డాక ఈ లసాల్ కౌంటీలో ఇటువంటి గేట్లు అనేకం వెలిశాయి. గేటు పక్కన ఒక ట్రైలర్ బండిలో కాపురముంటూ, వచ్చే పోయే ట్రక్కుల నంబర్లు రాసుకునే ఒక పెద్దావిడ బయటికి వచ్చింది. మా విల్లుల పెట్టెలను చూసి నవ్వి, ఈ వారంలో దారి తప్పి వచ్చిన మూడో బండి మాదేనని చెప్పి, అట్టముక్క వెనుక దారి గీసి ఇచ్చింది. వెళ్తూ ఉంటే చిన్న కాగితపు సంచిలో రెండు పెకాన్ బిస్కెట్లు కూడా పెట్టింది. న్యూఎసెస్ అంటే స్పానిష్‌లో గట్టి పెంకు గింజలని అర్థం, ఒడ్డున ఉండే పెకాన్ చెట్లను బట్టి నదికి ఆ పేరు. 1846లో మొదలైన మెక్సికో యుద్ధానికి ముందు ఈ నదే సరిహద్దు అని మెక్సికో, ఇంకా దక్షిణాన ఉన్న రియో గ్రాండే నది సరిహద్దు అని అమెరికా తగువులాడుకున్నాయి. ఆ తగువులాడిన నేల మీదే మేము ఇప్పుడు తప్పిపోయి తిరుగుతున్నాం.

చీకటి పడే వేళకు సరైన గేటు చేరాం. దిగి గేటు తీసి, బండి పోయాక మళ్లీ గొలుసు వేసి వచ్చాను. తెరిచి ఉన్న గేటును తెరిచే వదలాలి, మూసి ఉన్నదాన్ని మూసే వెళ్లాలి. ఇది ఇక్కడి మొదటి మర్యాద. రెండో మర్యాదను అన్న ముందే హెచ్చరించాడు: "ఎన్ని ఎకరాలని మాత్రం అడగమాక తమ్ముడూ. బ్యాంకులో ఎంతుందని అడిగినట్లు లెక్క." మన ఊళ్లలో ఎవరింటికి వెళ్లినా మంచినీళ్లు తాగకముందే వచ్చే ప్రశ్న అదే కదా! నాలుక చివరిదాకా వచ్చిన ఆ మాటను అయిదు రోజులూ మింగుతూనే గడిపాను.

రాంచ్‌ను చూసుకునే కాపరి డెబ్బై ఏళ్ల మెక్సికన్ అమెరికన్ పెద్దాయన. తలుపు దగ్గరే టోపీ తీసి చేయి కలిపాడు. ఆ రాత్రి ఇనుప కుండలో బీన్స్, టోర్టియాలనే గోధుమ రొట్టెలు. కుండలో బఠాణీ గింజంత ఎర్రటి కాయలు నలిపి వేశాడు: చిలీ పెకీన్ అనే అడవి మిరప, ఈ కంప నీడలోనే దానంతటది మొలుస్తుంది, పిట్టలు విత్తనాలు చల్లుతాయి. నేను నాలుగు కాయలు నమిలి కదలకుండా కూర్చోవడం చూసి పెద్దాయన ఇంకో గుప్పెడు నా పళ్లెం పక్కన పెట్టాడు. మా స్నేహం అక్కడ కుదిరింది.

డిసెంబరు 19, గురువారం: గుడారపు మాటు

అయిదు గంటలకు లేచాం. పౌర్ణమి దాటి నాలుగు రోజులే అయినందున చంద్రుడు నడినెత్తి దాటి పడమటికి వాలుతూ ఇసుకదారిని తెల్లగా వెలిగిస్తున్నాడు. టార్చి అవసరమే పడలేదు. మోకాళ్ల దాకా పాముకాటు ఆపే తొడుగులు కట్టుకున్నాం. డిసెంబరైనా నాలుగు వెచ్చటి రోజులు వస్తే గిలకపాములు ఎండకు బయటికి వస్తాయట.

ఈ కంపలో మాటు ఎందుకు నేల మీద వేస్తారో అక్కడికి వెళ్తే గానీ అర్థం కాదు. తూర్పు టెక్సస్ పైన్ అడవుల్లో వేటగాళ్లు ఇరవై అడుగుల ఎత్తున చెట్టుకు పీట కట్టుకుని కూర్చుంటారు. ఇక్కడ మెస్కీట్ పన్నెండు, పదిహేను అడుగులు పెరిగితే గొప్ప. దాని కొమ్మ మనిషి బరువును మోయదు, పైగా కంప మీదికి లేచిన ప్రతి వస్తువూ ఆకాశం ముందు దిష్టిబొమ్మలా కనబడుతుంది. అందుకని నేల మీద దాక్కుని కూర్చునే గుడారపు బ్లైండ్ గానీ, నరికిన కంపతో అల్లిన చాటు గానీ, ఎనిమిది అడుగులకు మించని ముక్కాలి మంచె గానీ వాడతారు.

నాకు కేటాయించినది గుడారపు బ్లైండ్. గొడుగులా తెరుచుకునే నల్ల లోపలి బట్ట, బయట ఆకుల రంగు అద్దకం. రెండు నెలల ముందే వేసి, చుట్టూ కొమ్మలు పేర్చి, జింకల కంటికి అలవాటు చేసి ఉంచారు. కొత్తగా లేచిన గుడారాన్ని చూస్తే ముసలి లేళ్లు వారం రోజులు ఆ దిక్కుకే రావట. లోపల నేలంతా గీరి ఎండుటాకు ఒక్కటి లేకుండా చేశారు; చెప్పు కింద ఆకు నలిగినా వినిపించే దూరంలో జింక ఉంటుంది కనుక. వెనుక కిటికీలన్నీ మూసి, ముందు ఒక్కటే తెరవాలి. వెనుక నుంచి వెలుతురు చొరబడితే మన ఆకారం తెర మీది తోలుబొమ్మలా కనిపిస్తుంది. చీకటి బ్లైండ్‌లో నల్ల చొక్కా వేసుకోవాలన్న సంగతి తెలియక, నేను ఎనభై డాలర్లు పోసి కొన్న ఆకుల రంగు చొక్కాతో వచ్చాను. అన్న తన పాత నల్ల టీషర్టు విసిరి, నా చొక్కాను బండిలోనే పడేశాడు.

ఎదురుగా పద్దెనిమిది గజాల దూరంలో మూడు కాళ్ల మీద నిలబడిన డ్రమ్ము, దాని అడుగున గడియారానికి కట్టిన చిన్న తిరుగుడు పళ్లెం. ఏడుంపావుకు అది గిర్రున తిరిగి మొక్కజొన్నలు చిమ్మింది. ప్రైవేటు భూమిలో ఇలా మేత వేసి వేటాడడం టెక్సస్‌లో చట్టబద్ధమే. ఇది వేటేనా అని నాకు మొదట సందేహం కలిగింది. మేతకు వచ్చేది ఎవరో, రానిది ఎవరో చూశాక ఆ సందేహం సగానికి తగ్గింది. మొదట పచ్చ రెక్కలు, నీలి తల ఉన్న జే పిట్టలు గోలగోలగా దిగాయి. తరువాత కౌజులు బారుగా నడిచి వచ్చాయి. ఆపైన కుళ్లిన ఉల్లిపాయ లాంటి వాసన ముందు వచ్చి, దాని వెనుక ఆరు హవెలీనాలు వచ్చాయి. చూడడానికి అడవిపందుల్లా ఉంటాయి గానీ పంది కుటుంబం కాదు. గింజలు నములుతూ ఒకదాన్నొకటి కసురుకోవడం అచ్చం రేషన్ దుకాణం ముందు వరుసలా ఉంది.

ఎనిమిది దాటాక కంప అంచున రెండు లేళ్లు నిలబడ్డాయి. నడిచి రావడం నేను చూడనే లేదు. ఇంతకు ముందు బూడిద రంగు కొమ్మ ఉన్న చోట ఇప్పుడు చెవి ఉంది, అంతే. ముందున్న లేడి మూడు అడుగులు వేసి ఆగింది. సరిగ్గా అప్పుడు నా మెడ వెనుక చల్లగా తగిలింది. అక్కడ రోజూ వీచేది ఆగ్నేయపు గాలి. దాన్ని లెక్క వేసుకునే బ్లైండ్‌ను డ్రమ్ముకు వాయవ్యంగా వేశారు. ఉత్తరాది చలిగాలి ఆ క్షణంలో తిరిగింది. లేడి ముక్కుపుటాలు తడిగా మెరిశాయి, తల ఒకసారి కిందికి దించినట్లు నటించి చటుక్కున ఎత్తింది, కుడి ముందుకాలి గిట్టతో నేలను రెండుసార్లు కొట్టింది, ఆపైన ప్రెషర్ కుక్కర్ ఆవిరి వదిలినట్లు గట్టిగా చీది, తెల్లతోక జెండాలా ఎత్తి మాయమయ్యింది. కంపలో ఎక్కడెక్కడో ఇంకా మూడు చీదుళ్లు వినిపించాయి. అంటే అన్ని జింకలు నన్ను గమనిస్తూ ఉన్నాయన్నమాట.

"గాలి వాటం మారింది, ఇక రెండు రోజులు ఉత్తరమే," అన్నాడు పెద్దాయన భోజనం దగ్గర. "దక్షిణపు పక్కన ఇంకో చాటు కట్టాలి." ఆ మధ్యాహ్నమంతా ఆయనతో గడిపాను. రెండు మెస్కీట్ బోదెల మధ్య పందుల కంచె ముక్క ఒకటి నిలిపి, ఎండు కొమ్మలను మొదలు కిందికి పెట్టి దానిలోకి గుచ్చాడు. చెట్టు మీద పెరిగిన తీరునే ఉంటేనే కంటికి ఆనుతుందట. మధ్యలో సెనిజో పొద రెమ్మలు అల్లాడు. ఆ పొద ఆకు బూడిద పూసినట్లు ఉంటుంది, శీతాకాలంలోనూ రాలదు. బాణం వెళ్లే కంతను రెండు జానల వెడల్పున వదిలి, నన్ను ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి విల్లు ఎక్కుపెట్టమన్నాడు. విల్లు కింది కొమ్ముకు ఒక రెమ్మ తగిలింది. దాన్ని విరవకుండా జేబుకత్తితో ఏటవాలుగా కోసి, తెల్లగా బయటపడ్డ కోతకు మట్టి రుద్దాడు. మళ్లీ ఎక్కుపెట్టించాడు, ఇంకో రెమ్మ కోశాడు, దానికీ మట్టి రుద్దాడు. ఇలా పదకొండు రెమ్మలు. నాకు కంప వల్ల చేతులు రెండూ గీసుకుపోయి మండుతున్నాయి. ఆయన చొక్కా చేతులు మడిచి పనిచేసినా ఒక్క గీత పడలేదు.

డిసెంబరు 20, శుక్రవారం: మంచె

ఉదయం నన్ను ముక్కాలి మంచె మీదికి పంపారు. సెండేరో అంటే కంపను బుల్డోజరుతో తోసి తిన్నగా తీసిన దారి. రెండు సెండేరోలు కలిసే చోట, గుబురు మెస్కీట్ల మధ్యలోకి మంచెను దూర్చి, మనిషి వెనుక ఎప్పుడూ కొమ్మలు ఉండేట్లు నిలిపారు. ఎనిమిది అడుగుల మీద కూర్చుంటే కంప తలలన్నీ సముద్రంలా కనిపిస్తాయి. తాత మంచె గుర్తొచ్చింది. ఆయన అరిచి, చప్పుడు చేసి జింకలను తోలేవాడు. నేను చప్పుడు చేయకుండా వాటిని పిలుస్తున్నాను.

పిలవడం మాటవరసకు అనలేదు. దక్షిణ టెక్సస్‌లో డిసెంబరు రెండో సగం జింకల జతకాలం. రాలిన కొమ్ముల జత ఒకటి అన్న తెచ్చాడు. రెండు మగజింకలు పోట్లాడుకుంటున్నట్లు వాటిని ఒకదానికొకటి తాటించి, మెలితిప్పి, మెస్కీట్ బెరడుకు గీరితే, ఎక్కడో ఉన్న మూడోవాడు తగువు చూడడానికి వస్తాడు. ఆయన మంచె కింద పొదలో కూర్చుని తాటించాడు. రెండు నిమిషాలు తిరగకుండానే ఆరు కొనల కొమ్ములున్న కుర్ర మగజింక ఒకటి మెడ రోమాలు లేచి, చెవులు వెనక్కి వాల్చి, గెంతుతూ వచ్చి అన్నకు పది అడుగుల దూరంలో ఆగింది. తగువూ లేదు, తగువులాడేవాళ్లూ లేరు. అది ఎంత అయోమయంగా చూసిందంటే, తప్పుడు ఫంక్షన్ హాలులోకి వచ్చిన పెళ్లి చుట్టం గుర్తొచ్చాడు. మాకు అనుమతి ఉన్నది లేళ్లకే. ముదిరిన కొమ్ములున్న మగజింకకు ఇక్కడ వేల డాలర్లు అడుగుతారు, రెండేళ్ల కుర్రదాన్ని డబ్బిచ్చినా కొట్టనివ్వరు. విల్లు మోకాళ్ల మీదే ఉంచి చూస్తూ కూర్చున్నాను.

మంచె మీద నుంచి ఆ పూట పద్నాలుగు జింకలు కనిపించాయి. బాణం అందే దూరానికి వచ్చింది ఆ ఒక్కటే. నా లెక్కలో మంచె కంటికి విందే గాని చేతికి పనికిరాదు. మాటులో ప్రపంచమంతా రెండు జానల కంతే, కానీ ఆ కంతలోకి వచ్చిందల్లా అందేదే. అన్న దీనికి ఒప్పుకోడు.

సాయంత్రం నిన్న అల్లిన చాటులో కూర్చున్నాను. అయిదు గంటలకు ఒక లేడి ఇరవై గజాల్లోకి వచ్చి పక్కవాటుగా నిలబడింది. ఏదో వినబడినట్లు తల ఎత్తి చూస్తోంది. విల్లు లాగాను. గిలకలున్న ఈ కాంపౌండ్ విల్లులో మొదట యాభై అయిదు పౌండ్ల బరువు లాగాలి, చివరికి వచ్చేసరికి గిలకలు తిరిగి ఆ బరువు అయిదో వంతుకు పడిపోతుంది కనుక కొంతసేపు పట్టుకుని గురి చూడవచ్చు. గుండె చప్పుడు చెవుల్లో వినిపిస్తుండగా, గురి కుదిరిందనుకుని వదిలాను. లేడి కూలబడింది. తగిలిందనుకున్నాను. కాదు, దూకడానికి ముందు కాళ్లు మడిచింది. ఆ మడిచిన క్షణంలో బాణం దాని వెన్ను పైనుంచి వెళ్లి కంపలో ఎక్కడో టక్కుమంది.

రాత్రి అన్న కాగితం మీద లెక్క వేసి చూపించాడు. నా బాణం వేగం సెకనుకు 260 అడుగులు. ఇరవై గజాలంటే అరవై అడుగులు, సెకనులో దాదాపు నాలుగో వంతు. అల్లెతాడు చప్పుడు సెకనుకు 1,100 అడుగులకు పైగా పోతుంది కనుక బాణం కంటే చాలా ముందే జింక చెవిలో పడుతుంది. మిగిలిన ఆ కాస్త వ్యవధి దానికి చాలు. "తల ఎత్తి వింటున్న లేడి మీద వేయకూడదు తమ్ముడూ. తల దించి గింజ నోట పెట్టుకున్నాక, అదీ గుండె కింది భాగానికి గురి పెట్టాలి. నీ విల్లుదేం తప్పు లేదు, నీ తొందరదే." ఆయన మందలింపు కంటే, తగిలీ తగలకుండా గాయపడి ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన ఎక్కువసేపు నిద్ర పట్టనివ్వలేదు.

డిసెంబరు 21, శనివారం: కొటుల్లా, మళ్లీ గుడారం

తెల్లవారేసరికి గాలి ఎటూ తేల్చుకోకుండా ఊగుతోంది. ఇటువంటి పూట వెళ్లి కూర్చుంటే చోటు చెడగొట్టుకోవడమేనని పెద్దాయన ఊళ్లోకి తీసుకువెళ్లాడు. ఎదురొచ్చే ప్రతి ట్రక్కు డ్రైవరూ స్టీరింగ్ మీది నుంచి రెండు వేళ్లు ఎత్తుతాడు. ఎవరో తెలిసి కాదు, అది దారి మర్యాద. తిరిగి ఎత్తకపోతే పొగరనుకుంటారు. పట్నం నుంచి వచ్చిన నేను మొదట్లో చేయి మొత్తం ఊపి నవ్వులపాలయ్యాను. క్రిస్మస్ వారం కనుక ఒక ఇంటి ముందు తమాలేలు అమ్ముతున్నారు: మొక్కజొన్న పొట్టులో చుట్టి ఆవిరి మీద ఉడికించిన పిండి, లోపల పంది మాంసం. డజను పద్దెనిమిది డాలర్లు. పొట్టు విప్పగానే వచ్చిన ఆవిరి వాసనకు పనసాకు బుట్టల్లో ఉడికించే కొట్టెక్క బుట్టలు గుర్తొచ్చాయి. 1928లో లిండన్ జాన్సన్ ఈ ఊరి వెల్‌హౌసెన్ పాఠశాలలో మెక్సికన్ అమెరికన్ పిల్లలకు పాఠాలు చెప్పాడు. అమెరికా అధ్యక్షుడయ్యాక 1965లో ఓటు హక్కు కోసం చేసిన ప్రసంగంలో ఆ పిల్లల ఆకలిని తలుచుకున్నాడు. పెద్దాయన ఆ సంగతి బడిని చూపిస్తూ చెప్పాడు.

మధ్యాహ్నానికి ఆగ్నేయపు గాలి నిలకడగా తిరిగి వచ్చింది. మూడున్నరకు నల్ల టీషర్టుతో గుడారంలో చేరాను. నాలుగున్నరకు గింజలు చిమ్మాయి. అయిదుంపావుకు పెద్ద లేడి ఒంటరిగా వచ్చింది. వెంట పిల్ల ఉందేమోనని చూశాను. ఇక్కడ పిల్లలు జూలై ప్రాంతంలో పుడతాయి, డిసెంబరుకు పాలు మాని సొంతంగా మేస్తాయి, అయినా చూశాను. పన్నెండు నిమిషాల పాటు అది మేస్తూ తిరుగుతూ ఉంటే నేను విల్లు లాగలేదు. రెండుసార్లు తల దించినట్లు దించి చటుక్కున ఎత్తింది. దాని కంటి రెప్పల వెంట్రుకలూ, గడ్డం కింద తెల్లటి మచ్చా, ఎడమ చెవి అంచున ముల్లు చీల్చిన పాత చీలికా కనిపిస్తున్నాయి. మూడోసారి తల దించి, నాకు కొంచెం వెనక్కి తిరిగి, నమలడం మొదలుపెట్టింది. నమిలేటప్పుడు దానికి దాని దవడ చప్పుడే వినిపిస్తుంది. లాగి, గుండె కింది మూడో వంతు మీద గురి నిలిపి వదిలాను.

తడిబట్టను బండకేసి కొట్టినట్లు ఒక చప్పుడు. లేడి తోక దించి, వంగి, కంపలోకి దూసుకుపోయింది. తరువాత ఏమీ లేదు, జే పిట్టలు కూడా అరవలేదు. గడియారం చూసుకుంటూ అరగంట కూర్చోవడం నా జీవితంలో అతి పొడుగైన అరగంట. వెంటనే వెళ్తే, పడుకోబోతున్న జింకను లేపి తరిమినట్లవుతుంది.

అన్న, పెద్దాయన దీపాలతో వచ్చారు. బాణం శరీరాన్ని దాటి నేలలో గుచ్చుకుని ఉంది; ఈకల మీద నురగ కట్టిన గులాబీ రంగు రక్తం. ఊపిరితిత్తులని అన్న ఒక్క మాటే అన్నాడు. రక్తపు చుక్క కనిపించిన ప్రతి చోటా చిన్న కాగితం ముక్క వేస్తూ వెళ్లాం. వెనక్కి తిరిగి చూస్తే ఆ తెల్ల ముక్కలే అది పోయిన దారి చూపిస్తాయి. ముప్పై గజాల తరువాత కంప మనిషి నిలబడలేనంత చిక్కబడింది. మోకాళ్ల మీద, ఆపైన మోచేతుల మీద పాకాను. నల్లతుమ్మ లాంటి ముళ్లపొద ఒకటి టోపీని లాక్కుని ఉంచేసుకుంది. డెబ్బై గజాల దగ్గర లేడి పక్కకు వాలి ఉంది. ఎప్పుడో పోయింది.

సంతోషం కలగలేదని అంటే అబద్ధం, కలిగిందంటే అది కూడా పూర్తి నిజం కాదు. లైసెన్సుతో వచ్చిన ట్యాగు మీద నెల, తేదీ గడులను కత్తిరించి కట్టడానికి వణికే వేళ్లతో చాలాసేపు పట్టింది. పెద్దాయన టోపీ తీసి ఒక నిమిషం నిలబడి, మళ్లీ పెట్టుకుని కత్తి తీశాడు. పేగులు తీశాక తూకం డెబ్బై రెండు పౌండ్లు. చల్లగదిలో వేలాడదీసి, వెన్ను పక్కన ఉండే మెత్తటి కండ ఒక్కటి కోసుకుని వంటింట్లోకి వెళ్లాం. కొవ్వు లేని మాంసం కనుక ఎక్కువసేపు ఉంచితే చెప్పు తోలవుతుంది. అన్న దాన్ని వేలెడు ముక్కలుగా కోసి, వెల్లుల్లి, ధనియాలు, మిరియాలు దంచి పట్టించి, నెయ్యిలో రెండు వైపులా నాలుగు నిమిషాలు వేయించాడు. నేను ఇంటి నుంచి తెచ్చిన గోంగూర పచ్చడి పక్కన పెట్టాను. పెద్దాయన దాన్ని టోర్టియాలో పెట్టి చుట్టి తిని, సీసా మీది తెలుగు అక్షరాలను చాలాసేపు చూసి, చివరికి సీసానే అడిగాడు. ఇచ్చి వచ్చాను.

డిసెంబరు 22, ఆదివారం: తిరుగుదారి

ఉదయం మాంసం విడగొట్టి పెట్టెలో మంచు మధ్య సర్దాక, శుక్రవారం తప్పిపోయిన బాణాన్ని వెతకడానికి వెళ్లాను. ఇరవై నిమిషాలకు కనిపించింది, నాగజెముడు రెండు ఆకులను గుచ్చుకుని మూడో ఆకులో ఆగి. ములికి చుట్టూ జిగురు కారి ఎండిపోయింది. పక్కనే ఆకుల అంచులు నల్లగా మాడి ఉన్నాయి: కరవు కాలంలో ఇక్కడి రైతులు గ్యాసు మంటతో ముళ్లు కాల్చి పశువులకు ఈ ఆకులే మేపుతారట.

ఖర్చు అడుగుతారు కనుక చెబుతాను. టెక్సస్ వాసులకు వేట లైసెన్సు 25 డాలర్లు. విల్లుకే ప్రత్యేకించిన అక్టోబరు సీజనులో అయితే ఇంకో 7 డాలర్ల అనుమతి కావాలి, డిసెంబరులో అక్కర్లేదు. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారు వేట శిక్షణ కోర్సు పూర్తిచేసి ఉండాలి. నాలుగు రాత్రుల బసకూ మాటుకూ కలిపి నా వాటా 500, లేడికి 150, పెద్దాయన చేతిలో పెట్టినది 100. ఆయన రెండుసార్లు వద్దన్నాడు. మూడోసారి తీసుకోవడమే ఇక్కడి పద్ధతి కూడా. పాత విల్లు ఏడాది కిందట 450కి కొన్నది. ఎనభై డాలర్ల చొక్కా మాత్రం దండగ.

ఇంటికి వచ్చిన మూడో రోజుకు కుడి మోకాలు వాచింది. కంపలో పాకినప్పుడు విరిగిన ముల్లు లోపలే ఉండిపోయింది. మా ఆవిడ పిన్నీసు కాల్చి తీయబోతే కొన అందలేదు. మాట్లాడుతూ ఊళ్లో ఉన్న అమ్మకు చెప్పాను. జిల్లేడు పాలు రాస్తే దానంతటదే పైకి వస్తుందంది. ఇక్కడ జిల్లేడు ఎక్కడ దొరుకుతుందమ్మా అన్నాను.

"ఏం ముల్లురా అది?"

"సర్కారు తుమ్మ లాంటిదేనమ్మా."

అమ్మ కాసేపు ఏమీ అనలేదు. "అది పొడిపించుకోడానికి అంత దూరం పోవాలా?" అంది.